విద్యున్నిరోధముల లెక్క: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన పాఠము

ప్రచార కార్యక్రమముల నిమిత్తము కొవ్వూరు పరిసర గ్రామములలో తిరుగుచుండగా, ఒక వర్షాకాలపు సాయంకాలమున ఒక గ్రామపు మంచినీటి పంపు షెడ్డునకు పోవుట తటస్థించినది. ఆ గ్రామము పేరుతో ఇచట పనిలేదు. మోటారు నడుపు ఆపరేటరు స్టార్టరు ముందు ఒక మామిడిచెక్కను వేసికొని, దానిపై నిలిచి మీట నొక్కుచుండెను. ఆ చెక్క యెందులకని అడుగగా, "వానాకాలంలో స్టార్టరు ముట్టుకుంటే కాస్త జిల్లుమంటాదండి. చెక్క మీద నిలబడితే ఏం తెలీదండి" అని అతడు నవ్వుచు చెప్పెను. ఫ్యూజు తరచుగా పోవుచున్నదని దాని స్థానమున లావుపాటి రాగితీగ చుట్టబడియుండెను. గోడ వెలుపలనున్న ఎర్తు గుంట పూడిపోయి, దానిపై గడ్డి మొలచియుండెను.

ఆ ఆపరేటరు పెద్దగా చదువుకొన్నవాడు కాడు. అయినను చెక్క వేసికొనుటలో అతడొక శాస్త్ర సూత్రమును ఆచరణలో పెట్టెను. తన శరీరమునకు మరియొక నిరోధమును వరుసగా జతపరచి, తన గుండా పోవు విద్యుత్తును తగ్గించుకొనెను. చెక్క ఎండియున్నంతవరకు అతని లెక్క సరియే. అది తడిసిననాడు లెక్క తప్పును. ఈ లెక్క తప్పిన యెడల చెల్లింపవలసిన మూల్యము ప్రాణము.

నిరోధములను ఒకదాని వెంట ఒకటి కలిపిన ఏమగును? పక్కపక్కన కలిపిన ఏమగును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో ఆ షెడ్డులోని ప్రమాదమంతయు కాగితముపై కనబడును. ఇది పదవ తరగతి విద్యార్థులు చదువు పాఠమే. కూడిక, భాగహారము వచ్చిన ప్రతి పంచాయతీ సభ్యుడును, సభ్యురాలును ఒక అరగంటలో దీనిని నేర్వవచ్చును.

ఇది ఇంజనీర్లకు సంబంధించిన విషయము గదా, మనకేల యని కొందరు అనవచ్చును. రాజ్యాంగమునకు 1992 లో జరిగిన 73 వ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో మంచినీరు, గ్రామీణ విద్యుదీకరణము రెండును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టము ప్రకారము వీధులలో దీపములు వెలిగించుట గ్రామ పంచాయతీ విధులలో నొకటి. తీగ కొనుటకు, మోటారు బాగుచేయుటకు, ఎర్తు వేయుటకు తీర్మానము చేయువారు సభ్యులే. ఏమి కొనుచున్నామో, ఏల కొనుచున్నామో తెలిసి తీర్మానించుట ఉత్తమము.

మూడు మాటలు, ఒక సూత్రము

విద్యుత్తు విషయమున మూడు మాటలు ముఖ్యములు. తీగలో విద్యుత్తును ముందుకు నెట్టు ఒత్తిడి వోల్టేజి. దీనిని వోల్టులలో కొలుతురు. తీగలో ప్రవహించు విద్యుత్తు పరిమాణము కరెంటు. దీనిని ఆంపియరులలో కొలుతురు. ఆ ప్రవాహమునకు కలుగు అడ్డంకి నిరోధము. దీనిని ఓములలో కొలుతురు.

గోదావరి డెల్టా వారికి దీనిని కాలువ భాషలో చెప్పిన సులభముగా తెలియును. కాలువలో నీటిమట్టము ఎంత ఎత్తుగా నున్నదో అది వోల్టేజి వంటిది. తూము గుండా పారు నీరు కరెంటు వంటిది. తూము ఎంత ఇరుకుగా నున్నదో అది నిరోధము వంటిది. మట్టము పెరిగిన నీరు ఎక్కువ పారును. తూము ఇరుకైన తక్కువ పారును.

జర్మనీ దేశీయుడైన జార్జ్ సైమన్ ఓమ్ అను శాస్త్రజ్ఞుడు 1827 లో ఈ సంబంధమును గణితరూపమున ప్రకటించెను. నిరోధమును కొలుచు ప్రమాణమునకు ఆయన పేరే పెట్టబడినది. ఆయన సూత్రము ఇది: వోల్టేజిని నిరోధముతో భాగించిన కరెంటు వచ్చును. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. ఒక పరికరము నిరోధము 23 ఓములైనచో దానిగుండా 230 ÷ 23 = 10 ఆంపియరులు పోవును. ఈ పాఠములోని మిగిలిన లెక్కలన్నియు ఈ ఒక్క సూత్రముపైననే నిలిచియున్నవి.

శ్రేణి సంధానము: ఒకదాని వెంట ఒకటి

విజ్జేశ్వరము వద్ద బయలుదేరు పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ నీరు పొలము చేరుటకు మొదట హెడ్ స్లూయిసును, తరువాత లాకులను, ఆపై పిల్లకాలువ తూమును దాటవలెను. ఒకే నీరు వీటినన్నిటిని వరుసగా దాటుచున్నది. ప్రతి అడ్డంకియు కొంత కష్టము కలిగించును. కష్టములన్నియు కలిసి మొత్తమగును. నిరోధములను ఇట్లు ఒకదాని వెంట ఒకటి కలుపుటను శ్రేణి సంధానమందురు.

ఇందు అన్నిటిగుండా ఒకే కరెంటు పోవును. వోల్టేజి మాత్రము ఆయా నిరోధములను బట్టి వాటి మధ్య పంచబడును. అన్ని నిరోధములకు బదులుగా, అంతే కరెంటు నిచ్చు ఒకే నిరోధమును ఊహించినచో దానిని ఫలిత నిరోధమందురు. శ్రేణిలో ఫలిత నిరోధము కేవలము కూడికయే.

ఫలిత నిరోధము = మొదటిది + రెండవది + మూడవది + ...

పండుగలకు, తీర్థములకు కట్టు పాతరకపు సీరియల్ దీపముల తోరణము దీనికి చక్కని ఉదాహరణము. కొవ్వూరు గోష్పాద క్షేత్రమున 2015 పుష్కరములు చూచినవారికి దీపాలంకరణ యన నేమో తెలియును. 2027 లో మరల పుష్కరములు రానున్నవి. తోరణములోని ఒక్కొక్క చిన్న బల్బు 6 వోల్టులకు తయారైనది, దాని నిరోధము 60 ఓములు అనుకొందము. ఒక్క బల్బును 230 వోల్టులకు తగిలించిన క్షణములో మాడిపోవును. కాని 38 బల్బులను శ్రేణిగా కలిపినచో ఫలిత నిరోధము 38 × 60 = 2,280 ఓములు. కరెంటు 230 ÷ 2,280, అనగా సుమారు 0.1 ఆంపియరు. ప్రతి బల్బునకు దాదాపు 6 వోల్టులే వచ్చును. తోరణము చక్కగా వెలుగును.

ఇందు రెండు లోపములు కలవు. ఒక బల్బు తెగినచో మార్గమే తెగును గనుక తోరణమంతయు ఆరిపోవును. అపుడు కొందరు తెగిన బల్బులను తీసివేసి తీగలను ముడివేయుదురు. ఎనిమిది బల్బులు ఇట్లు పోయినచో మిగిలిన ముప్పదింటి ఫలిత నిరోధము 1,800 ఓములు, కరెంటు 0.128 ఆంపియరునకు పెరుగును. మిగిలిన బల్బులు మరింత మెరయుచున్నవని సంతోషించునంతలో అవియు ఒక్కొక్కటిగా మాడును. నిరోధమును తగ్గించిన కరెంటు పెరుగును. ఈ మాటను సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పనిపడును.

సమాంతర సంధానము: పక్కపక్కన

ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ బారేజి ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదికి అడ్డముగా నున్నది. దానికి మొత్తము 175 గేట్లు కలవు. గేట్లన్నిటి ముందున్న నీటిమట్టము ఇంచుమించు ఒక్కటే. వరద వచ్చినపుడు గేట్లను ఎత్తుచు పోయినకొలది నీరు ఎక్కువగా సముద్రమునకు పోవును. ఒక్కొక్క గేటు గుండా పోవు నీరు కలిసి మొత్తము ప్రవాహమగును. మరియొక గేటు ఎత్తిన అడ్డంకి తగ్గునే గాని పెరుగదు. నిరోధములను ఇట్లు పక్కపక్కన కలుపుటయే సమాంతర సంధానము.

ఇందు వోల్టేజి అన్నిటికి ఒక్కటే; కరెంటు మార్గముల మధ్య పంచబడును. మొత్తము కరెంటు ఆ భాగముల కూడిక. ప్రతి భాగమును వోల్టేజిని నిరోధముతో భాగించగా వచ్చునది గనుక, సూత్రము ఇట్లగును:

1 ÷ ఫలిత నిరోధము = (1 ÷ మొదటిది) + (1 ÷ రెండవది) + (1 ÷ మూడవది) + ...

నిరోధములు రెండే యైనచో ఇంతకంటె సులభమైన మార్గము కలదు. రెండింటి లబ్ధమును రెండింటి మొత్తముతో భాగింపవలెను. 6 ఓములు, 3 ఓములు సమాంతరముగా నున్నచో లబ్ధము 18, మొత్తము 9, ఫలిత నిరోధము 2 ఓములు. అన్నియు సమానమైనవైనచో ఒకదాని నిరోధమును వాటి సంఖ్యతో భాగించిన చాలును.

ఇచట క్రొత్తవారు పొరపడుచుందురు. 6 ఓములకు 3 ఓములు కలిపిన 9 కావలసినది గదా, 2 ఎట్లయ్యెనని సందేహింతురు. క్రొత్త మార్గము తెరచినందున అడ్డంకి తగ్గినది. సమాంతర సంధానములో ఫలిత నిరోధము అన్నిటిలో చిన్నదానికంటెను తక్కువగా నుండి తీరును. లెక్కలో అంతకంటె ఎక్కువ వచ్చినచో ఎచటనో తప్పు జరిగినదని తెలిసికొనవలెను.

పందొమ్మిదవ శతాబ్దపు చివరలో పాశ్చాత్య నగరముల వీధులలో వెలిగిన ఆర్క్ దీపములను సాధారణముగా శ్రేణిలోనే కలుపుచుండిరి. థామస్ ఎడిసన్ 1882 లో న్యూయార్కు నగరమున పెర్ల్ వీధి విద్యుత్కేంద్రమును ప్రారంభించినపుడు దీపములను సమాంతరముగా కలిపెను. దానివలన ఒక ఇంటి దీపము ఆర్పినను పొరుగింటి దీపము వెలుగుచుండెను. నేటికిని మన ఇండ్లలోను, వీధులలోను దీపములు సమాంతరముగానే కలుపబడుచున్నవి. 230 వోల్టులపై 100 వాట్ల పాతరకపు బల్బు నిరోధము వెలుగుచున్నపుడు 529 ఓములు. అట్టివి పదింటిని సమాంతరముగా కలిపిన ఫలిత నిరోధము 52.9 ఓములు; కరెంటు సుమారు 4.35 ఆంపియరులు. ఒకటి మాడినను మిగిలిన తొమ్మిదియు వెలుగును.

శివారునకు వోల్టేజి ఏల తగ్గును?

వాస్తవములో ఏ గ్రామపు లైనును కేవలము శ్రేణియు కాదు, కేవలము సమాంతరమును కాదు. రెండును కలిసియుండును. పరికరములు తమలో తాము సమాంతరము. వాటికి కరెంటు తెచ్చు తీగ వాటితో శ్రేణి. ఇట్టి లెక్కకు పద్ధతి యొక్కటే: ట్రాన్సుఫార్మరునకు దూరమైన చివరనుండి మొదలిడి, సమాంతరముగా నున్న గుంపును ఒకే నిరోధముగా మార్చవలెను, పిదప దానితో శ్రేణిలో నున్నదానిని కూడవలెను, ఇట్లు ట్రాన్సుఫార్మరు చేరువరకు రావలెను.

ఒక ఉదాహరణము. ట్రాన్సుఫార్మరునకు 400 మీటర్ల దూరమున ఒక వాడ కలదు. పోవుటకు, వచ్చుటకు కలిపి తీగ 800 మీటర్లు. లైన్‌మన్లు "స్క్విరల్" అని పిలుచు సన్నని అల్యూమినియము తీగ నిరోధము కిలోమీటరునకు సుమారు 1.4 ఓములు. కనుక 800 మీటర్లకు 1.12 ఓములు. ఆ వాడలో వాడుకయంతయు కలిపి 23 ఓముల నిరోధముతో సమానమనుకొందము. శ్రేణి గనుక మొత్తము 24.12 ఓములు, కరెంటు 9.54 ఆంపియరులు. తీగలో పోవు వోల్టేజి 9.54 × 1.12, అనగా సుమారు 10.7 వోల్టులు. వాడకు 219 వోల్టులు చేరుచున్నవి. ఇది ఫరవాలేదు.

కొన్నియేండ్లకు వాడుక రెట్టింపయ్యెను. రెండు 23 ఓములు సమాంతరముగా 11.5 ఓములు. తీగతో కలిపి 12.62 ఓములు. కరెంటు 18.2 ఆంపియరులు. తీగలో పోవునది 20.4 వోల్టులు. వాడకు మిగులునది సుమారు 209.6 వోల్టులు. 230 వోల్టులకు నూటికి ఆరు వంతులకు మించి హెచ్చుతగ్గులు ఉండరాదని 1956 నాటి విద్యుచ్ఛక్తి నియమములు పరిమితి విధించినవి. ఆ లెక్కన 216.2 వోల్టులకు తగ్గరాదు. మన వాడ ఆ పరిమితిని దాటినది. పంకాలు మెల్లగా తిరుగును, మోటార్లు వేడెక్కును, దీపములు మసకబారును.

ఇపుడు తీగను మార్చి, "ర్యాబిట్" అను లావు తీగను వేసితి మనుకొందము. దాని నిరోధము కిలోమీటరునకు సుమారు 0.55 ఓము, 800 మీటర్లకు 0.44 ఓము. మొత్తము 11.94 ఓములు, కరెంటు 19.26 ఆంపియరులు, తీగలో పోవునది 8.5 వోల్టులు మాత్రమే. వాడకు 221.5 వోల్టులు చేరును. అంతేకాదు. సన్నతీగలో వ్యర్థముగా వేడియై పోవుచుండిన శక్తి 370 వాట్లకు పైన. లావు తీగలో 163 వాట్లు. కాలువ శివారు రైతునకు నీరందనపుడు ఎగువ రైతును నిందించినంతమాత్రమున చాలదు, కాలువ పూడిక తీయవలెను. శివారు వాడకు వోల్టేజి అందనపుడును అంతే.

ఈ లెక్క విషయమున ఒక హెచ్చరిక అవసరము. మోటార్లును, నేడు గ్రామములలో విరివిగా వెలుగుచున్న ఎల్.ఇ.డి. దీపములును శుద్ధ నిరోధములు కావు. ఎల్.ఇ.డి. దీపములోని పరికరము వోల్టేజి కొంత తగ్గినను వెలుగును నిలుపుకొనును. కాన ఈ లెక్క అంచనాకు మాత్రమే పనికివచ్చును; కచ్చితమైన లెక్క ఇంజనీరు వేయవలెను. కాని తీగ నిరోధము లైనుతో శ్రేణిలో నున్నదను సత్యము మాత్రము ఏ దీపమైనను మారదు.

పంపు షెడ్డులోని ప్రమాదము

ఇక ఆ పంపు షెడ్డునకు మరల పోవుదము. అచట ఎర్తు గుంట పూడియుండెను. కాని లెక్క కొరకు, అది మంచి స్థితిలోనే యున్నదని, దాని నిరోధము 20 ఓములని అనుకొందము. ట్రాన్సుఫార్మరు వద్దనున్న ఎర్తు నిరోధము 2 ఓములు. మోటారులోని తీగపై తొడుగు చెడి, ఫేజు తీగ మోటారు ఇనుప భాగమును తాకినది. అపుడు విద్యుత్తు మోటారు శరీరమునుండి ఎర్తు గుంటలోనికి, అచటినుండి భూమి గుండా ట్రాన్సుఫార్మరు ఎర్తునకు పోవును. రెండును శ్రేణి. మొత్తము 22 ఓములు. కరెంటు 230 ÷ 22 = 10.45 ఆంపియరులు.

ఫ్యూజు 15 ఆంపియరులది. 10.45 ఆంపియరులకు అది కరుగదు. మోటారు నడచుచునే యుండును. దాని ఇనుప శరీరముపై 10.45 × 20, అనగా 209 వోల్టులు నిలిచియుండును. చూచువారికి ఏ లోపమును కనబడదు.

ఇపుడొకడు తడికాళ్లతో వచ్చి మోటారును ముట్టుకొనెను. తడిసిన శరీరపు నిరోధము సుమారు 1,000 ఓములనుకొందము. ఇచట చాలమంది ఒక మాటను నమ్ముదురు: "ఎర్తు ఉన్నది గదా, కరెంటు తక్కువ నిరోధమున్న దారినే పోవును, మనిషిలోనికి రాదు." ఈ మాట తప్పు. సమాంతర సంధానములో కరెంటు అన్ని దారులలోను పోవును. తక్కువ నిరోధమున్న దారిలో ఎక్కువగా, ఎక్కువ నిరోధమున్న దారిలో తక్కువగా పోవును. గుంట 20 ఓములు, మనిషి 1,000 ఓములు. మనిషికి వచ్చునది గుంటకు పోవుదానిలో ఏబదవ వంతు, అనగా సుమారు 0.2 ఆంపియరు. వినుటకు స్వల్పమే. కాని సుమారు 0.01 ఆంపియరునకే కండరములు బిగిసి చేయి పట్టు విడువజాలదు. 0.03 ఆంపియరు దాటిన ప్రాణాపాయ మారంభమగును. 0.2 ఆంపియరు గుండెను ఆపుటకు చాలును.

ఆపరేటరు వేసికొన్న చెక్క లెక్కయు ఇపుడు చూడవచ్చును. ఎండుచెక్క నిరోధము లక్ష ఓములనుకొందము. శరీరముతో శ్రేణిలో 1,01,000 ఓములు. కరెంటు 209 ÷ 1,01,000, అనగా 0.002 ఆంపియరు. కొద్దిపాటి జిల్లు మాత్రమే. చెక్క తడిసి వేయి ఓములకు దిగినచో మొత్తము 2,000 ఓములు, కరెంటు 0.1 ఆంపియరు. నిన్న కాపాడిన చెక్కయే నేడు కాపాడదు. వర్షాకాలమున చెక్క తడియకుండుననుట ఎవరి తరము?

గుంటలు ఎన్ని? ఎంత దూరమున?

పరిహారము అదే సూత్రములో నున్నది. ఒక్కొక్కటి 20 ఓములు గల ఎర్తు గుంటలు నాలుగు తీసి, వాటిని లావు తీగతో సమాంతరముగా కలిపినచో ఫలిత నిరోధము 20 ÷ 4 = 5 ఓములు. ట్రాన్సుఫార్మరు ఎర్తుతో కలిపి 7 ఓములు. లోపము వచ్చినపుడు కరెంటు 230 ÷ 7, అనగా సుమారు 33 ఆంపియరులు. ఇది 15 ఆంపియరుల ఫ్యూజు పరిమితికి రెట్టింపునకు మించినది. ఫ్యూజు కరగి మోటారు ఆగును, లోపము బయటపడును.

అయితే నాలుగు గొట్టములను ఒకే గుంటలో పాతిన ఈ లాభము రాదు. అవి ఒకే మట్టిని పంచుకొని, ఇంచుమించు ఒకే గొట్టమువలె పనిచేయును. గొట్టము పొడవునకు కనీసము రెట్టింపు దూరముండవలెను. గొట్టము రెండున్నర మీటర్లదైనచో గుంటల మధ్య ఐదు మీటర్లు ఉండవలెను. డెల్టాలోని తడి నల్లమట్టి విద్యుత్తును బాగుగా తీసికొనును. మెరకలోని గ్రావెలు నేల అట్లు తీసికొనదు. అందువలన పల్లపు గ్రామమునకు చాలిన గుంటలు మెరక గ్రామమునకు చాలకపోవచ్చును. ఎర్తు నిరోధమును వర్షాకాలమున కొలచి తృప్తిపడరాదు. నేల ఎండిన మే నెలలో కొలువవలెను. అపుడు వచ్చు అంకెయే నమ్మదగినది.

ఫ్యూజు కరుగుటకు కొంత కాలము పట్టును. ఆ కాలములో మోటారుపై 5 ఓములకు 33 ఆంపియరుల చొప్పున దాదాపు 165 వోల్టులుండును. కావున ఎర్తుతో పాటు లీకేజి బ్రేకరు కూడ నుండవలెను. ఇది పోవు కరెంటును, తిరిగివచ్చు కరెంటును సరిచూచుచుండును. 0.03 ఆంపియరు తేడా వచ్చిన సెకండులో చిన్న భాగమునందే సరఫరా ఆపివేయును. బ్రేకరు ఉన్నది గదా యని ఎర్తును, ఎర్తు ఉన్నది గదా యని బ్రేకరును మానరాదు. యంత్రము ఎపుడైనను మొరాయింపవచ్చును.

ఫ్యూజు స్థానమున లావు రాగితీగ చుట్టుట వలన కలుగు నష్టము ఇపుడు స్పష్టము. అట్టి తీగ 33 ఆంపియరులకును కరుగదు. నాలుగు గుంటలకు పంచాయతీ వెచ్చించిన ధనమంతయు ఆ జానెడు తీగ వలన వ్యర్థమగును.

పంచాయతీ చేయదగిన పనులు

ఒకటి: పంపు షెడ్డులు, ఇనుప దీపస్తంభములు, పాఠశాల, పంచాయతీ కార్యాలయము ఈ చోట్లనున్న ఎర్తు గుంటల పట్టికను తయారుచేయవలెను. ప్రతి వేసవియందును ఎర్తు టెస్టరుతో కొలిపించి ఓములను ఆ పట్టికలో వ్రాయవలెను.

రెండు: అంకె ఎక్కువగా వచ్చినచోట తగిన దూరమున మరియొక గుంట తీయించి సమాంతరముగా కలిపింపవలెను. గుంటలలో వేసవిలో నీరు పోయించుచుండవలెను.

మూడు: ఫ్యూజులలో తగిన తీగ తప్ప వేరు తీగ ఉండరాదని ఆపరేటర్లకు లిఖితముగా తెలుపవలెను. ఫ్యూజు తరచుగా పోవుట ఒక ఫిర్యాదు. దానిని వినవలెను గాని దాని నోరు కట్టరాదు.

నాలుగు: ప్రతి మోటారునకు లీకేజి బ్రేకరు పెట్టించి, దానిపైనున్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడవలెను. స్టార్టరు ముందు చెక్కకు బదులు రబ్బరు చాప వేయింపవలెను.

ఐదు: శివారు వాడలలో సాయంకాలపు వోల్టేజిని కొలిపించి, 216 వోల్టులకు తక్కువైనచో ఆ అంకెలతో విద్యుత్ పంపిణీ సంస్థకు వ్రాయవలెను. "వోల్టేజి లేదు" అను మాటకంటె "రాత్రి ఏడు గంటలకు 209 వోల్టులు" అను మాటకు బలము ఎక్కువ.

ఆరు: ఈ పనులేవియు సభ్యులు గాని, ఆపరేటరు గాని స్వయముగా చేయరాదు. లైసెన్సుగల ఎలక్ట్రీషియను చేతనో, లైన్‌మన్ చేతనో సరఫరా ఆపించి చేయింపవలెను. సభ్యులకు కావలసినది స్క్రూడ్రైవరు కాదు, లెక్క.

సభ్యులు సాధింపవలసిన లెక్కలు

1. ఒక షెడ్డునకు రెండు ఎర్తు గుంటలు కలవు. ఒకటి 30 ఓములు, రెండవది 15 ఓములు. సమాంతరముగా కలిపిన ఫలిత నిరోధమెంత? (లబ్ధము 450, మొత్తము 45, సమాధానము 10 ఓములు.)

2. ఒక్కొక్కటి 12 ఓములు గల మూడు గుంటలు సమాంతరముగా కలుపబడినవి. వాటినుండి మోటారు వరకు పోవు తుప్పుపట్టిన ఎర్తు తీగ నిరోధము 1 ఓము. మొత్తమెంత? (గుంటలు 4 ఓములు, తీగ శ్రేణి గనుక 1 కూడవలెను; సమాధానము 5 ఓములు. తీగ పూర్తిగా తెగినచో గుంటలు ఎన్నియున్నను ప్రయోజనము లేదని గమనింపవలెను.)

3. 60 ఓముల బల్బులు 38 గల తోరణములో మూడింటిని తీసివేసి తీగ ముడివేసిరి. కరెంటు ఎంత? (35 × 60 = 2,100 ఓములు; సమాధానము సుమారు 0.11 ఆంపియరు.)

ఇంటిలో పదవ తరగతి చదువు పిల్లలున్నచో ఈ లెక్కలను వారితో కలిసి చేయుట మంచిది. తల్లిదండ్రులు తమ పాఠమును పంచాయతీ పనికి వినియోగించుట చూచిన పిల్లలకు చదువుపై గౌరవము పెరుగును.

కొవ్వూరు 2022 లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పశ్చిమ గోదావరినుండి తూర్పు గోదావరి జిల్లాకు మారినది. జిల్లా పేరు మారినను గోదావరి గట్టున మట్టి అదియే, వానలు అవియే, పంపు షెడ్డులోని తడినేల అదియే. వర్షాకాలము రాకముందే, రానున్న పంచాయతీ సమావేశమున ఒక ప్రశ్న వేయుడు: "మన మోటారు ఎర్తు ఎన్ని ఓములు?" సమాధానము తెలిసినవారు లేకున్న, కొలిపించుటకు అదే సమావేశమున తీర్మానము చేయుడు. ఆ చెక్కపై నిలిచిన ఆపరేటరు తనకు తెలిసిన లెక్కతో తన ప్రాణమును కాపాడుకొనుచున్నాడు. ఆ చెక్క అక్కరలేని షెడ్డును అతనికి ఇచ్చుట పంచాయతీ ధర్మము.